ఏ చదరపు మీటరుకు? నగరాల్లో మొక్కల ఉత్పాదకతను ఉపగ్రహాలతో కొలవడంలోని చిక్కు

భూమి మీది మొక్కలు ఎనిమిదేసి రోజులకు ఎంత కార్బన్‌ను గాలి నుంచి తీసుకుంటున్నాయో చెప్పే నాసా సమాచార శ్రేణి ఒకటి ఉంది. టెర్రా, ఆక్వా అనే ఉపగ్రహాల మీద పనిచేసే మోడిస్ పరికరం దానికి ఆధారం. లెక్కలు 2000 సంవత్సరం నుంచి దొరుకుతాయి. ఆ పటంలో అడవికి ఒక విలువ, పైరుకు ఒక విలువ, గడ్డిభూమికి ఒక విలువ ఉంటాయి. ఏదైనా మహానగరం నడిబొడ్డున ఉన్న గడిని, అంటే పటంలోని ఒక్క చదరాన్ని, తెరిస్తే మాత్రం 32762 అనే అంకె కనిపిస్తుంది. అది ఉత్పాదకత కాదు, ఇది పట్టణ ప్రాంతం కనుక ఇక్కడ లెక్క కట్టలేదని చెప్పే సంకేతం. ఆ సంగతి గమనించకుండా ఆ అంకెనూ మిగతా వాటితో పాటు, పటంలోని అంకెను అసలు కొలతగా మార్చే గుణకంతో హెచ్చవేస్తే ఎనిమిది రోజులకు చదరపు మీటరుకు 3.28 కిలోల కార్బన్ అని వస్తుంది. ఉష్ణమండల వర్షారణ్యం ఏడాది మొత్తం మీద పట్టుకునేది దాదాపు అంత. సంకేతాలను తీసివేయకుండా సగటు తీసినవారి పటంలో కాంక్రీటు నగరం అమెజాన్‌ను మించిపోతుంది.

నగరాన్ని ఖాళీగా వదిలేయడానికి కారణం అక్కడ మొక్కలు లేకపోవడం కాదు. ఆ లెక్కకు ఆధారమైన భూతల వర్గీకరణలో, ఒక గడిలో కనీసం 30 శాతం నేల భవనాలతోనో తారుతోనో కప్పబడి ఉంటే దాన్ని పట్టణంగా పరిగణిస్తారు. అంటే మిగిలిన 70 శాతం దాకా చెట్లూ గడ్డీ ఉన్నా ఆ గడి లెక్కలోంచి తప్పుకుంటుంది. గడి అంటే చిన్నదేమీ కాదు. 463 మీటర్ల భుజంతో 21 హెక్టార్లకు పైగా ఉంటుంది. ఆ సమాచార శ్రేణి రూపకర్తలు అడవులనూ పొలాలనూ దృష్టిలో పెట్టుకుని ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి తయారుచేశారు. నగరానికి ఆ పద్ధతి నప్పదని తెలిసి పక్కన పెట్టారు. నా దృష్టిలో అది నిజాయితీతో కూడిన నిర్ణయమే. చిక్కంతా ఆ ఖాళీని తమ సొంత లెక్కలతో పూరించబోయినవారికి ఎదురవుతుంది.

ఇంతకీ కొలవాలనుకుంటున్నది ఏమిటి? కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్కలు పట్టుకునే మొత్తం కార్బన్‌ను స్థూల ప్రాథమిక ఉత్పాదకత అంటారు, పరిశోధకుల వాడుకలో జీపీపీ. అందులోంచి మొక్క తన శ్వాసక్రియకు ఖర్చు చేసుకున్నది పోగా ఆకుగా, కాండంగా, వేరుగా, గింజగా మిగిలేది నికర ప్రాథమిక ఉత్పాదకత, అంటే ఎన్‌పీపీ. స్థూలంలో నికరం సుమారు సగం ఉంటుందని మోటు లెక్క. రెండింటినీ చదరపు మీటరుకు, ఏడాదికి ఇన్ని గ్రాముల కార్బన్ అని చెబుతారు. భూతలం మీది మొక్కలన్నీ కలిసి ఏడాదికి సుమారు 12 వేల కోట్ల టన్నుల కార్బన్‌ను స్థూలంగా పట్టుకుంటాయని చాలాకాలంగా చెప్పుకునే అంచనా. ఇటీవలి అంచనాలు కొన్ని ఇంతకంటే ఎక్కువ చెబుతున్నాయి.

ఇది పచ్చదనానికి మరో పేరు కాదు. శీతల దేశాల్లోని సూదిమొన ఆకుల చెట్టు నడి శీతాకాలంలోనూ పచ్చగానే కనిపిస్తుంది, కానీ గడ్డకట్టే చలిలో అది దాదాపు ఏ కార్బన్‌నూ పట్టుకోదు. వేసవి మధ్యాహ్నం నీరు చాలక పత్రరంధ్రాలు మూసుకున్న వీధి చెట్టు కూడా పైనుంచి చూస్తే ఉదయం ఎంత పచ్చగా ఉందో అంతే పచ్చగా ఉంటుంది. ఎంత ఆకు ఉంది, ఆ ఆకు ఎంత పనిచేస్తోంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఉపగ్రహం మొదటిదానికి సూటిగా జవాబు చెప్పగలదు. రెండోదాన్ని చాలావరకు ఊహించవలసి వస్తుంది.

మొదటి జవాబు కాంతి నుంచి వస్తుంది. ఆకులోని పత్రహరితం 650 నుంచి 680 నానోమీటర్ల ప్రాంతంలోని ఎరుపు కాంతిని బాగా పీల్చుకుంటుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఆకు లోపలి కణాలూ వాటి మధ్యనున్న గాలి గదులూ చెదరగొట్టి చాలావరకు బయటికి పంపేస్తాయి. కాబట్టి ఎరుపులో చీకటిగా, పరారుణంలో వెలుగుగా కనిపించేది ఆకు. ఈ రెండు పరావర్తనాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సూచికే ఎన్‌డీవీఐ. దట్టమైన ఆకుకు అది 0.8 దాటుతుంది, సిమెంటు నేలకు సున్నాకు కాస్త పైన ఉంటుంది.

ఆకు పీల్చుకున్న కాంతి నుంచి కార్బన్ దాకా వెళ్లే దారిని చూపినవాడు జాన్ మాంటీత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. ఆయన 1972లో ప్రతిపాదించిన సూత్రంలో మూడు అంశాలు ఉన్నాయి: మొక్కలకు ఉపయోగపడే 400 నుంచి 700 నానోమీటర్ల కాంతి ఎంత పడింది, అందులో ఆకులు ఎంత భాగం పీల్చుకున్నాయి, పీల్చుకున్న కాంతిని కార్బన్‌గా మార్చే సామర్థ్యం ఎంత. ఈ మూడింటినీ గుణిస్తే ఉత్పాదకత వస్తుంది. కాకతాళీయంగా అదే ఏడాది జూలైలో నేలను చిత్రించే మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం నింగికెగిరింది. ఎండ బాగా కాసిన ఒక రోజున చదరపు మీటరుకు 8 మెగాజౌళ్ల ఉపయోగకర కాంతి పడిందనీ, ఆకులు అందులో సగం పీల్చుకున్నాయనీ, మెగాజౌల్‌కు 1 గ్రాము కార్బన్ పట్టుకోగలవనీ అనుకుందాం. 4 గ్రాములు రావాలి. గాలి పొడిగా ఉండి సామర్థ్యం 30 శాతం తగ్గితే 2.8 గ్రాములే వస్తాయి. నేడు వాడుకలో ఉన్న పెద్ద నమూనాలు చాలావరకు ఈ గుణకారాన్ని గడి గడికీ, రోజు రోజుకీ చేసేవే.

నగరం ఈ మూడు అంశాలనూ తారుమారు చేస్తుంది. వాటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోది, ఆకులు పీల్చుకున్న భాగం, ఎందుకంటే నగరంలో ఒక గడిలో ఒకే వస్తువు ఉండటం అరుదు. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లది, అంటే 900 చదరపు మీటర్లు. అందులో ఒక రోడ్డు ముక్క, రెండు డాబాలు, నాలుగు చెట్లు, ఒక నీళ్ల ట్యాంకు ఇమిడిపోతాయి. ఉపగ్రహానికి అందేది వీటన్నిటి కాంతీ కలిసిపోయిన ఒకే విలువ.

ఈ కలగాపులగం ఎంత మోసం చేయగలదో లెక్క వేసి చూడవచ్చు. చెట్టు కొమ్మల గుబురు ఎరుపులో 0.04, పరారుణంలో 0.44 వంతు కాంతిని వెనక్కి పంపుతుందనుకుందాం. దాని ఎన్‌డీవీఐ 0.83. లేత రంగు కాంక్రీటుకు ఇవే విలువలు 0.28, 0.32 అనుకుంటే ఎన్‌డీవీఐ 0.07. నల్లటి తారురోడ్డుకు 0.08, 0.10 అనుకుంటే 0.11. కాంక్రీటుకూ తారుకూ సూచికలో పెద్ద తేడా లేదు, రెండూ నిర్జీవమేనని తెలిసిపోతోంది. ఇప్పుడు రెండు గడులు తీసుకుందాం. రెండింటిలోనూ సరిగ్గా సగం చెట్టే. మొదటి గడిలో మిగతా సగం కాంక్రీటు, రెండోదానిలో తారు. మొదటిదానిలో ఎరుపు సగటు 0.16, పరారుణం 0.38 అయి ఎన్‌డీవీఐ 0.41 వస్తుంది. రెండోదానిలో 0.06, 0.27 అయి 0.64 వస్తుంది. ఆకు విస్తీర్ణం రెండు చోట్లా ఒకటే అయినా, రోడ్డు నల్లగా ఉండటం వల్లనే రెండో గడి సగానికి పైగా ఎక్కువ పచ్చగా తేలింది. తేడాను మొత్తంతో భాగించేటప్పుడు, తెల్లటి కాంక్రీటు హారాన్ని పెంచేస్తుంది, నల్లటి తారు ఆ పని చేయదు. వీధులకు కొత్తగా తారు పోసిన ఏడాది నగరం పచ్చబడిందని ఒక నివేదిక చెబితే ఆశ్చర్యపోనవసరం లేదు.

ఇందుకు విరుగుడుగా వచ్చినవాటిలో సరళమైనది 2017లో గ్రేసన్ బ్యాడ్జ్‌లీ, క్రిస్టఫర్ ఫీల్డ్, జోసెఫ్ బెరీ ప్రతిపాదించిన ఎన్ఐఆర్‌వీ అనే సూచిక. ఎన్‌డీవీఐని పరారుణ పరావర్తనంతో గుణించడమే అందులోని పని. గడి నుంచి వచ్చే పరారుణ కాంతిలో ఆకుల వాటా ఎంతో అది దాదాపుగా పట్టిస్తుంది. పైన చెప్పిన రెండు గడులకూ లెక్కిస్తే మొదటిదానికి 0.155, రెండోదానికి 0.172 వస్తాయి, నిండా చెట్టే ఉన్న గడి విలువలో సగం 0.183. దూరం పూర్తిగా పోలేదు కానీ 0.41, 0.64 మధ్య ఉన్న అగాధంతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. భాగహారం జోలికే పోకుండా పరారుణంలోంచి ఎరుపును తీసేస్తే 0.22, 0.21 వచ్చి ఇంకా దగ్గరవుతాయి. అయితే వట్టి తేడాకు ఎండ కోణం మారినా, నీడ పడినా మారిపోయే బలహీనత ఉంది. భాగహారం మొదట పుట్టిందే ఆ బలహీనతను సవరించడానికి.

మరో దారి గడిని విడదీయడం. అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త మెరిల్ రిడ్ 1995లో నగరపు ప్రతి గడినీ మొక్క, కప్పిన నేల, వట్టి మట్టి అనే మూడింటి మిశ్రమంగా చూడమన్నాడు. ఒక్కోదానికి శుద్ధమైన వర్ణ లక్షణం ఏదో తెలిస్తే, కలిసిన కాంతి నుంచి ఎవరి వాటా ఎంతో గణితంతో రాబట్టవచ్చు. ఆచరణలో తేలికపాటి గడ్డీ దట్టమైన చెట్టూ ఒకే ఖాతాలో పడిపోవడం, ఎర్ర పెంకులు మట్టిగా, నీడ నీరుగా పొరబడటం వంటివి తప్పవు. అయినా మొక్కల విస్తీర్ణాన్ని విడిగా తెలుసుకోవాలన్న ఆ ఆలోచన మీదే తర్వాతి పని చాలా నిలబడింది.

సూక్ష్మమైన గడులు ఉంటే ఇవన్నీ అక్కరలేదు కదా అనిపించవచ్చు. 2015, 2017లో ఎగిరిన సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఎరుపు, పరారుణ పట్టీలను 10 మీటర్ల గడుల్లో, ఐదు రోజులకొకసారి ఇస్తాయి. పెద్ద పార్కు అంచు, చెట్ల వరుస, ఇళ్ల మధ్య తోట వాటిలో స్పష్టంగానే కనిపిస్తాయి. కానీ గడి చిన్నదైన కొద్దీ భవనాల నీడ పెద్ద సమస్యవుతుంది, ఎత్తయిన భవనాన్ని పక్కనుంచి చూసినప్పుడు దాని గోడ వెనుకనున్న చెట్టు మీదికి వాలినట్టు కనిపిస్తుంది. పైగా మోడిస్ రోజూ చూస్తుంది కనుక మబ్బు పట్టిన రోజులను పక్కన పెట్టగలదు. ఐదు రోజులకో, ల్యాండ్‌శాట్ 8, 9 రెండూ కలిసినా ఎనిమిది రోజులకో ఒకసారి వచ్చేవి మబ్బుల కాలంలో నెలల తరబడి పనికొచ్చే చిత్రం ఇవ్వకపోవచ్చు. చిగుళ్లు వేసే వారం తప్పిపోతే ఆ ఏడాది మొత్తం లెక్క పక్కకు జరుగుతుంది. అందుకే రెండు రకాల చిత్రాలను కలిపి మధ్య రోజులను పూరించే పద్ధతులు వచ్చాయి.

మొదటి అంశమైన కాంతి విషయం త్వరగా చెప్పుకోవచ్చు. నమూనాలు ఆకాశం నుంచి పడే ఎండను పదుల కిలోమీటర్ల గడులున్న వాతావరణ సమాచారం నుంచి తీసుకుంటాయి. ఎత్తయిన భవనాల నడుమ ఇరుకు వీధిలోని చెట్టుకు రోజులో రెండు మూడు గంటలే నేరుగా ఎండ తగలవచ్చన్న సంగతి వాటికి తెలియదు. నగరం మీది పొగమంచు ఎండను తగ్గిస్తుంది, అదే సమయంలో చెదరగొడుతుంది కూడా. చెదిరిన కాంతి గుబురు లోపలి ఆకులకు చేరుతుంది కనుక నష్టం పూర్తిగా నష్టం కాకపోవచ్చు. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలి ఆకాశం మసకబారిన తర్వాత, అమెరికాలోని హార్వర్డ్ అడవిలో 1992లో మబ్బులేని మధ్యాహ్నాల కిరణజన్య సంయోగక్రియ 23 శాతం పెరిగిందని లియాన్‌హాంగ్ గూ బృందం 2003లో లెక్కగట్టింది. అది అగ్నిపర్వతపు పొర. నగరపు పొగలో మసి ఉంటుంది, మసి కాంతిని చెదరగొట్టడం కంటే మింగడం ఎక్కువ, ఆకుల మీద దుమ్ముగానూ పేరుకుంటుంది. కాబట్టి ఆ 23 శాతాన్ని నగరానికి తెచ్చి అతికించకూడదు.

సామర్థ్యం అనే మూడో అంశం దగ్గర అసలు ప్రశ్న వేరు: నగరం ఏ జాతి భూభాగం? మోడిస్ లెక్కలో ఆకురాల్చే విశాలపత్ర అడవికి మెగాజౌల్‌కు సుమారు 1.17 గ్రాములు, గడ్డిభూమికి సుమారు 0.86 గ్రాములు అంటూ గరిష్ఠ సామర్థ్యాల పట్టిక ఉంటుంది. 1993లో వచ్చిన కాసా అనే మరో ప్రసిద్ధ నమూనా అన్ని మొక్కలకూ 0.389 అనే ఒకే విలువ వాడింది. అది నేరుగా నికర ఉత్పాదకతను లెక్కగట్టేది కనుక ఆ అంకె చిన్నది, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. నగరానికి పట్టికలో వరుసే లేదు. వేర్వేరు ఖండాల నుంచి తెచ్చి నాటిన చెట్లు, ఏటా కొమ్మలు నరికించుకునే వీధి చెట్లు, రోజూ నీళ్లు తాగే పచ్చిక పక్కపక్కనే ఉన్న చోట ఏ విలువ తీసుకోవాలన్నది పరిశోధకుడి నిర్ణయం. ఆ నిర్ణయం ఫలితాన్ని అదే నిష్పత్తిలో పెంచుతుంది, తగ్గిస్తుంది. నగరాల ఉత్పాదకత మీద వచ్చే పత్రాల్లో నేను మొదట వెతికేది ఈ అంకెనే.

దాని మీద నగర వాతావరణం తెచ్చే మార్పులు వేరే ఉన్నాయి. నగరం చుట్టుపక్కల కంటే వెచ్చన. షియాయాంగ్ జాంగ్ బృందం 2004లో ఉత్తర అమెరికా తూర్పు భాగపు నగరాలను మోడిస్‌తో పరిశీలించి, పట్టణ ప్రాంతాల్లో మొక్కల పెరుగుదల కాలం పక్కనున్న గ్రామీణ ప్రాంతాల కంటే సుమారు 15 రోజులు ఎక్కువనీ, ఆ ప్రభావం నగరం అంచు దాటి 10 కిలోమీటర్ల దాకా కనిపిస్తోందనీ చెప్పింది. చలి దేశాల్లో ఇది లాభం. ఎండ మండే చోట అదే వెచ్చదనం పత్రరంధ్రాలను మూయిస్తుంది, చెట్టు శ్వాసక్రియను పెంచి నికర మిగులును తగ్గిస్తుంది. ఆ మధ్యాహ్నపు మూతను చూడాలంటే ఉపగ్రహం సరైన సమయానికి రావాలి. టెర్రా ఉదయం 10:30 ప్రాంతంలో, ఆక్వా మధ్యాహ్నం 1:30 ప్రాంతంలో భూమధ్యరేఖను దాటేలా నడిచాయి. 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చిన ఎకోస్ట్రెస్ పరికరం మాత్రం ఆ కేంద్రపు కక్ష్య కారణంగా వేర్వేరు రోజుల్లో వేర్వేరు గంటల్లో ఒకే చోటి మీదుగా వెళ్తుంది. సుమారు 70 మీటర్ల గడుల్లో అది ఉపరితల ఉష్ణోగ్రతను కొలుస్తుంది. నీటిని ఆవిరి చేయడం ఆపేసిన చెట్టు వేడెక్కుతుంది కనుక, ఆకు ఎప్పుడు పని మానిందో ఆ వేడిని బట్టి గ్రహించవచ్చు.

వేడి ఒక్కటే కాదు. జిలియన్ గ్రెగ్, క్లైవ్ జోన్స్, టాడ్ డాసన్ కాటన్‌వుడ్ అనే చెట్టు జాతికి చెందిన ఒకే రకపు మొక్కలను న్యూయార్క్ నగరంలోనూ దాని చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతంలోనూ పెంచి చూశారు. 2003లో ప్రచురించిన ఫలితం ఎవరూ ఊహించనిది: నగరంలో పెరిగినవి రెండింతలు పెద్దవయ్యాయి. కారణం ఓజోన్ అని వారు తేల్చారు. వాహనాల పొగ నుంచి పుట్టే ఓజోన్, నగరంలోనే ఉండే నైట్రిక్ ఆక్సైడ్‌తో చర్య జరిపి అక్కడే కొంత నాశనమవుతుంది. గాలివాలున గ్రామాలకు చేరేసరికి అక్కడ దాన్ని తగ్గించేది తక్కువ కనుక, మొత్తం కాలంలో గ్రామీణ మొక్కలకే ఎక్కువ ఓజోన్ తగిలింది. ఇది ఆకుల పనితీరులోని తేడా. రంగు మీద మాత్రమే ఆధారపడే నమూనా దీన్ని పాక్షికంగానే పట్టగలదు.

ఇక్కడికి వచ్చాక ఈ వ్యాసానికి పెట్టిన ప్రశ్న తప్పదు. నగరపు ఉత్పాదకత చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అన్నప్పుడు ఏ చదరపు మీటరు? రోడ్లూ మేడలూ కలుపుకుని మొత్తం నగర విస్తీర్ణమా, లేక ఆకు ఉన్న విస్తీర్ణం మాత్రమేనా? ఒక ఊరి ఆదాయాన్ని జనాభా అంతటితో భాగించడానికీ, సంపాదించేవారితో మాత్రమే భాగించడానికీ ఉన్నంత తేడా ఇది. మొదటి పద్ధతిలో నగరం దాదాపు ఎప్పుడూ ఓడుతుంది, రెండో పద్ధతిలో చాలాసార్లు గెలుస్తుంది. నగరీకరణ మొక్కలకు హాని చేసిందనీ, మేలు చేసిందనీ ఒకే సమాచారం నుంచి రెండు శీర్షికలు పుట్టడం ఇందువల్లనే.

మొదటి పద్ధతికి మంచి ఉదాహరణ మార్క్ ఇమ్‌హాఫ్ బృందం 2004లో అమెరికా మీద చేసిన పని. పట్టణాలను గుర్తించడానికి వారు రాత్రి దీపాల ఉపగ్రహ చిత్రాలను వాడారు. పట్టణీకరణ వల్ల ఆ దేశపు నికర ఉత్పాదకత ఏడాదికి సుమారు 4 కోట్ల టన్నుల కార్బన్ మేరకు, అంటే పూర్వం ఉండేదానిలో 1.6 శాతం తగ్గిందని తేల్చారు. శాతం చిన్నదే, కానీ నగరాలు మంచి సాగుభూముల మీదే ఎక్కువగా పరుచుకున్నాయి. సాగుభూమి నగరంగా మారినందువల్ల పోయిన ఉత్పత్తి ఒక్కటే 1.65 కోట్ల మంది ఆహార శక్తికి సమానమని వారి అంచనా. నీటి కొరత ఉన్న ఎడారి ప్రాంతాల్లో మాత్రం దిశ తిరగబడుతుంది, ఎందుకంటే అక్కడ నగరమంటే నీళ్లు పెట్టే చోటు.

రెండు పద్ధతులనూ ఒకే చట్రంలోకి తెచ్చినవారు షుచింగ్ జావో, షుగువాంగ్ లియు, దెచెంగ్ జోవు. 2016లో వెలువడిన వారి అధ్యయనం చైనాలోని 32 పెద్ద నగరాలది. పద్ధతి సుళువుగానే అర్థమవుతుంది. ఊహాత్మకమైన అంకెలతో చెబితే, ఊరి బయట పూర్తి పచ్చటి గడికి సూచిక 0.50 అనీ, పూర్తిగా కట్టడాలే ఉన్న గడికి 0.05 అనీ అనుకుందాం. 60 శాతం కట్టడాలున్న గడికి నిష్పత్తి ప్రకారం 0.23 రావాలి. ఉపగ్రహానికి 0.28 కనిపించిందంటే, మిగిలిన 40 శాతం పచ్చదనం ఊరి బయటి దానికంటే బాగా పెరుగుతోందన్నమాట. కట్టడాల వల్ల నేరుగా పోయింది 0.27, పెరుగుదల వల్ల తిరిగి వచ్చింది 0.05. ఇలా లెక్కించి వారు, పరిశీలించిన చోట్లలో 85 శాతంలో పెరుగుదల మెరుగ్గా ఉందనీ, నేరుగా జరిగిన నష్టంలో సుమారు 40 శాతాన్ని అది పూడ్చిందనీ చెప్పారు.

ఈ ఫలితాన్ని నేను గౌరవిస్తాను, కానీ దాన్ని చదివే తీరులో జాగ్రత్త ఉండాలి. ఆ అదనంలో వెచ్చదనం, కార్బన్ డయాక్సైడ్, గాలిలో నుంచి రాలే నత్రజని ఎంత కారణమో, తోటమాలి పోసిన నీళ్లూ వేసిన ఎరువూ ఎంత కారణమో, ఊరి బయటి పంటకు బదులు నగరంలో ఏడాదంతా ఆకు నిలిచే చెట్టు నాటడం ఎంత కారణమో సూచిక విడదీసి చెప్పదు. పైగా నిష్పత్తి ప్రకారం రావాలి అన్న ఊహ, పైన తారు, కాంక్రీటు గడుల్లో చూసినట్టు, భాగహారం ఉన్న ఏ సూచికకైనా కచ్చితంగా వర్తించదు.

హారంలో ఇంకో తికమక నగరం సరిహద్దు. చైనాలోని చోంగ్‌చింగ్ పాలనాపరంగా 82 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన మహానగర ప్రాంతం, దాదాపు ఆస్ట్రియా దేశమంత. అందులో ఎక్కువ భాగం కొండలూ పొలాలూ అడవులూ. పారిస్ నగరపాలిక పరిధి సుమారు 105 చదరపు కిలోమీటర్లు, చాలావరకు నిండిన నగరమే. పాలనా సరిహద్దుల్లో ఈ రెండింటి సగటు ఉత్పాదకతను పోల్చి వరుస సంఖ్యలు ఇస్తే ఆ పట్టిక చెప్పేది మొక్కల గురించి కాదు, సరిహద్దులు గీసినవారి గురించి. అన్ని నగరాలకూ ఒకే నియమంతో గుర్తించిన కట్టడాల పరిధిని తీసుకుని, మొత్తం విస్తీర్ణానికి ఒక అంకె, ఆకు విస్తీర్ణానికి ఒక అంకె విడివిడిగా ఇచ్చిన పోలికనే నమ్మవచ్చు.

సూచికల మీద ఆధారపడకుండా ఆకు పనిని నేరుగా చూసే మార్గం ఒకటి 2011 తర్వాత తెరుచుకుంది. పత్రహరితం పీల్చుకున్న కాంతిలో ఒకటి రెండు శాతాన్ని తిరిగి మసక ఎరుపు వెలుగుగా విడుదల చేస్తుంది. 685, 740 నానోమీటర్ల దగ్గర అది ఎక్కువగా ఉంటుంది. ఈ ప్రతిదీప్తిని జపాన్ వారి గోసాట్ ఉపగ్రహ సమాచారంతో మొదట ప్రపంచ పటంగా గీశారు. నగరానికి దీని ఆకర్షణ ఏమిటంటే కాంక్రీటుకూ తారుకూ ఈ వెలుగు లేదు, కనుక గడిలో ఏం కలిసినా వచ్చిన వెలుగు ఆకులదే. ఇబ్బంది పరిమాణంలో ఉంది. 2014లో ఎగిరిన ఓసీఓ-2 ఉపగ్రహం ఒక్కో కొలతకు సుమారు 1.3 కిలోమీటర్లు, 2.25 కిలోమీటర్ల ముక్కను చూస్తుంది, అదీ ఇరుకైన పట్టీలోనే. ఒక్కో కొలతలో లోపమూ ఎక్కువ. 2019లో అంతరిక్ష కేంద్రానికి చేరిన ఓసీఓ-3 పరికరం మాత్రం ఒక నగరం మీదుగా వెళ్తూ తన చూపును అటూ ఇటూ తిప్పి సుమారు 80 కిలోమీటర్ల చదరాన్ని రెండు నిమిషాల్లో పరిశీలించగలదు. ఒక్క వీధి కాకపోయినా, నగరపు నడిబొడ్డుకూ శివార్లకూ మధ్య తేడా ఇందులో పట్టుబడుతుంది.

ఇన్ని లెక్కలు సరో కాదో నేల మీద తేల్చుకోవడం నగరంలో మరీ కష్టం. అడవిలోనైతే గోపురం మీద పరికరాలు పెట్టి, గాలి సుడులతో పైకీ కిందికీ పోయే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి నమూనాతో పోలుస్తారు. నగరంలో అదే గోపురానికి వాహనాల పొగ, వంటిళ్ల మంట, చివరికి మనుషుల ఊపిరి కూడా చేరుతుంది. ఒక మనిషి రోజుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఈ ముడిని విప్పడానికి లాస్ ఏంజెలెస్‌లో జాన్ మిల్లర్ బృందం కార్బన్-14ను, అంటే కాలక్రమంలో క్షీణించిపోయే రేడియోధార్మిక కార్బన్‌ను, ఆశ్రయించింది. పెట్రోలు, సహజవాయువులు భూగర్భంలో కోట్ల ఏళ్లు ఉన్నవి కనుక వాటిలో కార్బన్-14 మిగలదు. మొక్కల నుంచి వచ్చిన కార్బన్‌లో ఉంటుంది. 2015లో సేకరించిన గాలిని ఇలా పరీక్షిస్తే, శిలాజ ఇంధనాల వాటా వార్షిక సగటున పది లక్షల వంతుల్లో 13 వంతులుంటే, నగరపు మొక్కల ప్రభావపు ఊగిసలాట 4.3 వంతులున్నట్టు తేలింది, అంటే మూడో వంతు. మొక్కలంటూ పెద్దగా లేవనుకునే మహానగరంలో అది చిన్న మొత్తం కాదు. ఆ ఊగిసలాటలో వేసవిలో మొక్కలు గాలి నుంచి కార్బన్‌ను తీసుకుంటున్నాయి, శీతాకాలంలో తిరిగి వదులుతున్నాయి. వేసవి దాదాపు వానలు లేని ఆ ప్రాంతంలో ఎండాకాలపు పెరుగుదల ఉందంటే దాని వెనుక మనుషులు పెట్టే నీళ్లున్నాయన్నమాట.

మిల్లర్ బృందం కొలిచినది ఉత్పాదకత కాదు. మొక్కలు పట్టుకున్నదీ, మొక్కలూ నేలా వదిలినదీ కలిసిన నికర ఫలితం. నగరం ఇంత కార్బన్‌ను పీల్చుకుంటోంది అని జీపీపీ అంకెను చూపించే ప్రకటనల్లో జారిపోయేది ఈ తేడాయే. ఎన్‌పీపీ దగ్గరికి వచ్చినా లెక్క ముగియదు. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లి కొంత నేలలో చేరుతుంది. నగరంలో దాన్ని ఊడ్చి బండికెక్కిస్తారు, పచ్చికను వారం వారం కోస్తారు, తీగలకు తగిలే కొమ్మలను నరుకుతారు. ఆ బరువంతా నగర సరిహద్దు బయట ఎరువుల గుట్టలోనో చెత్తదిబ్బలోనో కుళ్లి, కార్బన్ డయాక్సైడ్‌గా, గాలి చొరబడని చోట మీథేన్‌గా వాతావరణంలోకి వెళ్తుంది. ఉపగ్రహ పటంలో పట్టుకున్న కార్బన్ నగరం ఖాతాలో పడుతుంది, వదిలినది చెత్తదిబ్బ ఉన్న గడిలో పడుతుంది, దానిని అక్కడికి చేర్చిన బండి కాల్చిన డీజిల్ రవాణా శాఖ లెక్కల్లో తేలుతుంది. ఈ మూడింటినీ కలపకుండా ఒక నగరపు చెట్లు ఇంత కార్బన్‌ను దాచిపెట్టాయని చెప్పడానికి ఉపగ్రహ సమాచారం ఒక్కటే చాలదు.